ఆ బుగ్గల్లో ఉన్నది హీలియమే

మా వాళ్ళు ఎవరు చెప్పినా ఈ కథ ఒకే మాటతో మొదలవుతుంది. "బుగ్గలల్ల దొంగ గ్యాస్ నింపిండు, పిల్ల చెయ్యి కాలింది." బెలూన్లను మా వైపు బుగ్గలంటాం. ఈ మాట నేను పెళ్ళిళ్ళలో విన్నాను, చావింట్లో విన్నాను, ఆఖరికి బ్యాంకులో నా ముందు నిలబడ్డ ఒకామె ఫోన్లో చెబుతుంటే కూడా విన్నాను. చెప్పేవాళ్ళు ఆ బెలూన్ల ఆయన ఏ మతమో తెలిసేలా ఒక మాట ముందు తగిలించి మరీ చెబుతారు. ఆ మాట నేనిక్కడ రాయను. మా ఇంట్లో వినీ వినీ తల దించుకున్నది చాలు.

కథ తప్పు. మొదటి నుంచి చివరిదాకా తప్పు. ఆ బుగ్గల్లో ఉన్నది హీలియం. హీలియం కాలదు. అగ్గిపెట్టె మొత్తం గీసినా కాలదు. ఈ సంగతి నాకు తెలియడానికి నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదవడం ఒక కారణం. శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు సైన్సు చెప్పి బతుకుతున్నాను కాబట్టి ఆ చదువు ఇంకా తుప్పు పట్టలేదు. కానీ అసలు కారణం అది కాదు. ఆ రోజు పొద్దున నేనే పరీక్ష చేసి చూశాను.

మా అన్న ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. ఏడో తరగతి చదువుతున్న కూతురికి శారీ ఫంక్షన్ పెట్టాడు. ఈడొస్తున్న పిల్లకు మొదటిసారి పట్టుచీర కట్టి నలుగురి ముందు కూర్చోబెట్టే వేడుక అది. మా అమ్మల కాలంలో ఇంటి ముందు పందిరి వేసి కానిచ్చేవాళ్ళు. ఇప్పుడు పాల్మాకుల దాటాక రోడ్డు మీదున్న ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, పిల్ల కుర్చీ వెనక గులాబీ రంగు బుగ్గల తోరణం. చీర మేనమామ పెడతాడు. హారతి మేనత్త ఇవ్వాలి. మేనత్తను నేను. అందుకే అందరికంటే ముందు హాలుకు చేరాను.

అప్పటికి లోపల ఉన్నది బుగ్గల ఆయన ఒక్కడే. శంషాబాద్ మనిషి, నా వయసువాడే. ఆ చుట్టుపక్కల హాళ్ళన్నింటిలో డెకరేషన్ ఆయనదే. సిలిండర్ పక్కన స్టూలు వేసుకుని బుగ్గలు నింపి ముడులు వేస్తున్నాడు. నా నోరు ఊరుకోదు కదా.

"ఏం గ్యాస్ ఇది?"

"హీలియం అక్కా. అసలుది."

"అందరూ అసలుదే అంటరు. కాస్టిక్ సోడాల అల్యూమినియం ముక్కలేసి హైడ్రోజన్ తయారుచేసి నింపుతరు."

"గది జాతరలల్ల అమ్మేటోళ్ళు అక్కా. నాది సిలిండర్. చీటి గూడ అంటించి ఉన్నది, చూడుండ్రి."

"చీటీలు నేను గూడ అంటిస్త."

ఆయన చేతిలోని ముడి పూర్తిచేసి నా వైపు తిరిగాడు. "అయితే వాసన చూడుండ్రి."

"హీలియానికీ వాసన లేదు, హైడ్రోజన్‌కూ లేదు. రంగు లేదు. రెండిట్ల ఏది నింపినా బుగ్గ పైకి పోతది."

"మరి ఎట్ల నమ్మించాలె మిమ్మల్ని? ప్రమాణం చెయ్యాల్నా?"

"ప్రమాణం వద్దు. ఒక బుగ్గ ఇయ్యి."

ఇద్దరం హాలు వెనకకు పోయాం, అక్కడ వంట పొయ్యిలు ఇంకా వెలిగించలేదు. ఒక పొడుగు కర్ర చివర కొవ్వొత్తి కట్టి, దూరంగా నిలబడి బుగ్గకు తాకించాను. హైడ్రోజన్ అయి ఉంటే భగ్గున మంట లేచేది, గోడ దాకా శబ్దం కొట్టేది. ఇది పట్‌మని పగిలింది, కొవ్వొత్తి ఆరిపోయింది. అంతే. హీలియం పరమాణువులో ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు. దాని కక్ష్యలో పట్టేవీ ఆ రెండే. ఇంకొకటి పుచ్చుకోదు, ఉన్నది ఇవ్వదు, పంచుకోదు. ఆక్సిజన్‌తో కలవనిదానికి మంట ఎక్కడి నుంచి వస్తుంది?

"పాసయిననా అక్కా?" అన్నాడు ఆయన.

"పాసయినవ్."

"ఇన్నేండ్ల సంది చేస్తున్న. బుగ్గకు పరీక్ష పెట్టింది మీరొక్కరే."

మధ్యాహ్నానికి జనం నిండారు. మా అన్న ఒక బుగ్గ విప్పి ఆ గ్యాస్ పీల్చి, మైకులో బాతు గొంతుతో అందరికీ స్వాగతం చెప్పాడు. తేలిక వాయువులో ధ్వని వేగంగా పోతుంది కాబట్టి గొంతు అలా మారుతుంది. నేను మైకు లాక్కుని, ఊపిరితిత్తుల్లో ఇదే నిండితే ఆక్సిజన్ అందక కింద పడిపోతావని తిట్టాను. "మా చెల్లె సైన్స్ టీచర్" అన్నాడు అదే గొంతుతో. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. మా అన్న మంచివాడు కాదని నేను ఎప్పుడూ అనలేదు.

హారతి వేళకు పళ్ళెంలో కర్పూరం వెలిగించి పిల్ల ముందు నిలబడ్డాను. పక్కనే మా అన్న, చేతిలో మంచు నురగ డబ్బా. పుట్టినరోజుల్లో పిల్లలు ఒకరి మీద ఒకరు కొట్టుకునే ఆ తెల్ల నురగే. ఫొటోగ్రాఫర్ "హారతి మీద మంచు పడుతున్నట్టు కొట్టండి సార్, వీడియోల మస్తుగ వస్తది" అన్నాడు. నేను "వద్దన్నా" అన్నాను, బాజా హోరులో ఆ మాట నాకే వినిపించలేదు. అన్న డబ్బా నొక్కాడు. తెల్లటి నురగ దార నా పళ్ళెం మీది నుంచి పిల్ల వైపు పోయింది. దాని వెంబడే మంట పోయింది. పిల్ల ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి నిండా అప్పటికే నురగ ఉంది.

నేను పళ్ళెం పారేసి నా కొంగుతో ఆ చెయ్యి చుట్టేశాను. మంట సెగకు వెనక తోరణంలో బుగ్గలు వరసగా పటపటా పగలడం అప్పుడు వినబడింది. మంట తరువాతే వినబడింది. ఆ ముందూ వెనకలే అసలు సంగతి. దూరంగా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఒక వెలుగూ, బోలెడు చప్పుళ్ళూ తెలిశాయి. "బుగ్గలు పేలినయ్" అని ఎవరో అరిచారు.

పిల్లనూ వదిననూ కార్లో ఎక్కించుకుని ఆరాంఘర్ వైపు దవాఖానకు పోయాం. మోచేతి కింద చర్మం కాలింది, ముఖానికి ఏం కాలేదు. డాక్టరు కట్టు కడుతుండగా అన్న ఫోన్ చేశాడు. పిల్ల బాగానే ఉందని చెప్పాను. ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు చీదుకుని, "వాన్ని పట్టుకున్నం. ఒప్పుకున్నడు" అన్నాడు.

"ఎవరు? ఏం ఒప్పుకున్నడు?"

"బుగ్గలోడు. తప్పయింది పటేల్ అని అందరి ముందల నాకు చేతులు జోడించిండు. మనోళ్ళు రెండు తగిలిచ్చిండ్రు. సిలిండర్ గుంజుకున్నం."

"అన్నా, అంటుకున్నది నురగకు. బుగ్గలకు కాదు. ఆయన చేసింది ఏం లేదు."

"నువ్వు ముందల పిల్లను చూడు" అని పెట్టేశాడు.

నేను ఆ సాయంత్రమే హాలుకు పోయాను. బుగ్గల ఆయన లేడు. ఇంకా పగలని బుగ్గలు కొన్ని పైకప్పుకు అంటుకుని ఉన్నాయి. వాటిలో ఉన్నది మండే గ్యాసే అయితే ఆ తోరణం మొత్తం ఒక్క క్షణంలో అంటుకుని, మా పిల్ల తల మీద పడేది. పైకప్పు వైపు వేలు చూపించి ఈ మాట అక్కడున్న బంధువులకు చెప్పాను. పిల్ల ఎట్లుంది అని అడిగి, అన్నం తిని పొమ్మన్నారు.

సోమవారం బడిలో పాఠం ఏమిటో చెబితే నవ్వుతారు. ఆవర్తన పట్టిక, చివరి నిలువు వరుస. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్. నేను చదువుకున్నప్పుడు వీటిని జడవాయువులనేవాళ్ళు, ఇప్పటి పుస్తకంలో ఉత్కృష్ట వాయువులు అని ఉంది. నాకు రెండు పేర్లతోనూ పేచీ ఉంది. అన్నీ పూర్తిగా జడం కాదు. జినాన్ పెద్ద పరమాణువు. దాని బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరంగా ఉంటాయి. ఫ్లోరిన్ లాంటి ఆకలిగొన్న మూలకం ఎదురైతే కలుస్తుంది. హీలియం, నియాన్ అలా దొరకవు. మన రోడ్డు మీద స్టీలు గేట్లు అతికే షాపుల్లో ఆర్గాన్ వాడతారు. కాలుతున్న లోహం దగ్గరికి ఆక్సిజన్ రాకుండా చుట్టూ నిలబడుతుంది, తను మాత్రం దేనితోనూ కలవదు. బోర్డు మీద ఇవన్నీ రాసి వెనక్కి తిరిగేసరికి ముందు బల్ల పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, మీ ఫంక్షన్ల పేలింది హీలియమే గదా?"

"ఎవరు చెప్పారు?"

"మా డాడీ. గదాన్ల కిరసనాయిలు గ్యాస్ కలిపిండట గదా, గాయన."

క్లాసంతా నా ముఖం చూస్తోంది. హీలియం మండదు అని ఇప్పుడే బోర్డు మీద రాశాను. అది మండిందని చెబుతున్నది నా ఇల్లు. సిగ్గుతో చెవులు వేడెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. తప్పు చేయనప్పుడు కూడా అవి అంతే వేడెక్కుతాయి.

ఆ ఆదివారం అన్న ఇంటి వరండాలో మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు, ఊరి పెద్దమనుషులు కొందరు కూర్చున్నారని తెలిసి పోయాను. బుగ్గల ఆయన్ని ఇక ఏ హాల్లోకీ రానివ్వొద్దని మేనేజర్లకు చెప్పాలా, మాఫీ అడిగాడు కాబట్టి సిలిండర్ ఇచ్చేసి వదిలేయాలా అన్నది మాట. ఆ మనిషి బతికేది ఆ హాళ్ళ మీదే. నేను చెప్పులు విడవకముందే మొదలుపెట్టాను.

"సిలిండర్ బయటికి తెప్పియ్యి అన్నా. చూపిస్త."

"ఏం చూపిస్తవే?" అన్నాడు పెద్దబాపు. "మల్ల అంటుకుంటే?"

"అంటుకోదు. అంటుకుంటే నా చెయ్యి కాలుతది, మీది గాదు."

వాకిట్లో బుగ్గ నింపి, ఫంక్షన్ రోజు పొద్దుటి పరీక్షే మళ్ళీ చేశాను. పట్‌మంది. ఇంకోటి నింపి మళ్ళీ చేశాను. పెద్దబాపు మీసం దువ్వుకుని "గింతేనా" అన్నాడు, టపాసు తుస్సుమన్నట్టు.

"గింతే. ఇగ ఇది చూడుండ్రి." కర్పూరం వెలిగించి నేల మీద పెట్టి, అందరినీ వెనక్కి జరగమని, నేను కొనుక్కుని వెంట తెచ్చిన అదే రకం నురగ డబ్బాను చెయ్యి చాపినంత దూరం నుంచి నొక్కాను. మనిషెత్తు మంట లేచింది. వాకిట్లో కోళ్ళు అరుచుకుంటూ పరుగెత్తాయి.

"గీ నురగల గంత నిప్పున్నదా?" అన్నాడు పెద్దబాపు లేచి నిలబడి.

"నురగను బయటికి నూకేది వంట గ్యాస్ అసొంటిదే పెద్దబాపు. నిప్పుకు దూరం పెట్టుండ్రి అని డబ్బ మీద రాసే ఉన్నది." ఇక అక్కడ ఆగొచ్చు. నేను ఆగే మనిషిని కాదు. "ఆ దినం గిసొంటి డబ్బ ఎవరి చేతుల ఉండె? వీడియో ఉన్నది, చూద్దామా?"

అన్న నా వైపు చూడకుండా నేల మీది నల్ల మచ్చను చూస్తూ అన్నాడు. "అంటే నా బిడ్డను నేనే కాలవెట్టుకున్ననా?"

నాలుక చివర "అవును" సిద్ధంగా ఉంది. అనేశాను కూడా. అన్నాక చూశాను, గడప దగ్గర కట్టు కట్టిన చేతితో మేనకోడలు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"నాకెర్కనే అత్తా" అంది. "నేను చూసిన. బాపు పరేషాన్ అయితడని చెప్పలే."

అన్న లేచి లోపలికి పోయాడు. పిల్ల ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, పెద్దవాళ్ళకు వినబడకుండా ఇంకో మాట చెప్పింది. "బుగ్గల అంకుల్ గూడ చూసిండు అత్తా. తోరణం పక్కనే ఉండె. బాపు చేతుల డబ్బ దిక్కే చూసిండు."

ఆ వారమంతా నేను గెలిచానని ఒక్కరూ అనలేదు. అనాలని నేనూ కోరుకోలేదని చెబితే అబద్ధం. కానీ ఏడో తరగతి పిల్ల అన్ని రోజులు ఆ మాట కడుపులో దాచుకుని తండ్రి చేత అన్నం తినిపించుకుందన్న సంగతి నా గెలుపునంతా నేల మీద పారబోసింది.

అన్న సిలిండర్ ఇచ్చేశాడు. నాకే ఇచ్చాడు, తీసుకుపొమ్మని. అంతటితో సరిపెట్టి ఉంటే బాగుండేది. హాళ్ళ మేనేజర్లకు ఫోన్లు కూడా చేశాడు. ఎందుకన్నా, తప్పు లేదని తెలిసింది కదా అని వాకిట్లో నిలబడి అడిగాను.

"తెలిసింది గావట్టే చేసిన. గాయన మొఖం నేను మల్ల చూడలేను చెల్లె."

నేను గేటు బయటికి పోయి ఆటో పిలిచాను.

సిలిండర్‌ను ఆటోలో పడుకోబెట్టి, ఒక చేత్తో పట్టుకుని, శంషాబాద్ పాత బజారు వెనకున్న ఆయన ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని కుర్చీల గుడ్డలు మడతపెడుతున్నాడు. పెదవి పక్కన దెబ్బ ఇంకా నల్లగా ఉంది. నన్ను చూసి లేచి సిలిండర్ దింపుకున్నాడు.

"మీరెందుకు మోసుకొచ్చిండ్రు అక్కా? ఫోన్ చేస్తే నేనే వస్తుంటి."

"రెండు మూడు బుగ్గల గ్యాస్ వాడిన."

"బిల్లుల ఏస్త" అన్నాడు. నవ్వబోతే పెదవి నొప్పి పెట్టినట్టుంది, ఆగిపోయాడు.

అందరి ముందూ నిరూపించానని చెప్పాను. బుగ్గ ఎలా పగిలింది, నురగ ఎలా మండింది, పెద్దబాపు ఎలా లేచి నిలబడ్డాడు, అంతా చెప్పాను. ఆయన గుడ్డలు మడతపెడుతూనే విన్నాడు.

"పటేల్ ముందల్నే చేసిండ్రా గిదంతా?"

"మా అన్న ముందల్నే."

"గందుకే" అన్నాడు. "నిన్న ఇద్దరు మేనేజర్లు ఫోన్ చేసిండ్రు, ఇగ రావద్దని. నేను మాఫీ అడిగి వచ్చిన అక్కా. తిట్లు పడ్డయ్, దెబ్బలు పడ్డయ్, అయిపోయింది. కొన్ని దినాలైతే పటేల్ మర్చిపోతుండె. ఇప్పుడు ఎట్ల మర్చిపోతడు?"

"నిజం చెప్పుడు తప్పా?"

"మీకు తప్పు గాదు."

లోపలి నుంచి ఆయన భార్య చాయ్ పంపింది. నేను ముట్టుకోలేదు. "మా పిల్ల చెప్పింది" అన్నాను. "డబ్బ మా అన్న చేతుల ఉన్నదని నువ్వు చూసినవట. అటువంటప్పుడు తప్పయిందని ఎందుకన్నవ్?"

ఆయన మడతపెట్టిన గుడ్డను మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "మీరు గప్పుడు అక్కడ లేరు అక్కా."

"లేను. గందుకే అడుగుతున్న."

"చాయ్ సల్లారుతది" అన్నాడు.

ఇప్పుడు ఆయన ఆరాంఘర్ అవతల ఎక్కడో టెంట్‌హౌస్‌లో పనిచేస్తున్నాడని విన్నాను. పాల్మాకుల హాల్లో బుగ్గలు కట్టేది ఒక కొత్త మనిషి. మొన్న ఒక పెళ్ళిలో ఏం గ్యాస్ అని అడిగితే "గ్యాసే మేడమ్" అన్నాడు. మా బంధువులు నా చెయ్యి పట్టి భోజనాల వైపు లాక్కుపోయారు. అక్కడ, పప్పు వడ్డిస్తూ, మా చిన్నమ్మ పక్కామెకు ఆ పాత కథే చెబుతోంది. నేను కాదన్నాను. "మల్ల మొదలువెట్టింది" అన్నారు. అన్న అదే వరసలో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు, కాదనలేదు.

ఆ వరసలో నేనూ కూర్చుని అన్నం కలుపుకున్నాను. మా ఇంటి పేరు చెప్పుకుని ఆ అన్నమే తిన్నాను. బుగ్గల ఆయన అన్న మాట మాత్రం తెల్లారి లేస్తే నాతో పాటే లేస్తుంది. మీరు అప్పుడు అక్కడ లేరు అన్నాడు. దవాఖానకు పోకుండా నేను అక్కడే ఉండి ఉంటే, నా ముఖం చూసి ఆయన నిజం చెప్పేవాడా? లేక, నేనూ ఆ ఇంటి మనిషినే కదా అనుకుని, నా ముందు కూడా చేతులు జోడించేవాడా?